ఫిబ్రవరి జీతానికే పన్ను కోతా?
ఏప్రిల్‌లో లెక్క తేల్చకపోవడంతోనే ఉద్యోగులకు చిక్కు

సంగం: ఏడాది పొడవునా నామమాత్రంగా సాగే ఆదాయపు పన్ను కోత ఫిబ్రవరి బిల్లు వద్దకు వచ్చేసరికి ఒక్కసారిగా విరుచుకుపడటం ప్రభుత్వోద్యోగులకు, ముఖ్యంగా ఉపాధ్యాయులకు ఏటా తప్పని అనుభవమైంది. ఇది చట్టం తెచ్చిపెట్టిన కష్టం కాదు. వాడుకలో స్థిరపడిన అలసత్వం.

రాష్ట్ర ఉద్యోగులకు మార్చి జీతం ఏప్రిల్‌లో అందుతుంది. అందువల్ల పన్ను లెక్కలో ఏడాది మార్చితో మొదలై ఫిబ్రవరి జీతంతో ముగుస్తుంది. తగ్గిన పన్నునంతా రాబట్టుకోవడానికి మిగిలేది ఆ ఒక్క బిల్లే. నిజానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్ చెప్పింది వేరు. ఏడాది మొత్తం ఆదాయాన్ని ముందుగా అంచనా వేసి, సగటు రేటున ప్రతి నెలా పన్ను మినహాయించాలి. మధ్యలో హెచ్చుతగ్గులు కనిపిస్తే తర్వాతి నెలల్లో సవరించుకునే వెసులుబాటూ అందులోనే ఉంది. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించిన 2025 నాటి కొత్త చట్టంలోనూ ఈ సూత్రం మారలేదు.

2025-26 రేట్ల ప్రకారం ఏడాదికి రూ.13.50 లక్షల జీతం పొందే సీనియర్ ఉపాధ్యాయుడిని తీసుకుంటే, కొత్త విధానంలో ప్రామాణిక తగ్గింపు రూ.75 వేలు పోను రూ.12.75 లక్షలపై సెస్సుతో కలిపి పన్ను రూ.74,100 అవుతుంది. నెలకు రూ.6,175 చొప్పున కోస్తే ఇల్లు గడవడానికి ఇబ్బంది ఉండదు. నెలకు రూ.2 వేలే కోయించుకుంటూ వస్తే మాత్రం చివరి నెలలో రూ.52,100 కట్టాలి. ఇంటి రుణం వాయిదా, చీటీ పాట, పిల్లల ఫీజులు ఆ నెల ఆగవు కదా.

బకాయిలతో మెలిక

అసలు చిక్కు కరవు భత్యం బకాయిలది. 2024 జనవరి నుంచి వర్తించే 3.64 శాతం భత్యాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇలా ఏళ్ల తరబడి ఆగిన సొమ్ము ఒక్కసారిగా ఒకే ఏడాది ఆదాయంలో చేరితే ఏమవుతుందో చూడాలి. రూ.12.70 లక్షల జీతం ఉన్నవారికి 2025-26లో రిబేటు వల్ల పన్నే లేదు. అదే ఏడాది రూ.80 వేల బకాయిలు చేతికందితే మొత్తం రూ.13.50 లక్షలకు చేరి పన్ను రూ.74,100 పడుతుంది. చేతికి మిగిలేది రూ.5,900. వచ్చిన సంతోషం వచ్చినట్టే పోతుంది.

దీనికి చట్టంలో విరుగుడు లేకపోలేదు. 89వ సెక్షన్ కింద బకాయిలను అవి చెందిన సంవత్సరాలకు పంచి ఉపశమనం కోరవచ్చు. పై రూ.80 వేలు పూర్తిగా 2024-25కు చెందినవై, ఆ ఏడాది కొత్త విధానంలో పన్ను పడే ఆదాయం రూ.11 లక్షలై ఉంటే భారం రూ.12,480కి దిగివస్తుంది. ప్రభుత్వోద్యోగి ఆ వివరాలను వేతన బిల్లు పెట్టే అధికారికి ముందే అందిస్తే కోతలోనే ఊరట దక్కుతుంది. అయితే 1961 చట్టం కింద 10ఈ ఫారాన్ని ఆన్‌లైన్‌లో దాఖలు చేయకుండా రిటర్నులో ఉపశమనం చూపితే శాఖ దాన్ని తోసిపుచ్చుతుంది. ఈ ఒక్క కాగితం విషయంలో జరిగే నిర్లక్ష్యం ఖరీదు వేలల్లోనే.

ఇక విధానం ఎంపిక. 2023-24 నుంచి కొత్త విధానమే సహజంగా వర్తిస్తోంది. పాత విధానం కావాలంటే ఆ సంగతి ముందే తెలపాలి. తెలపకపోతే కొత్త విధానం ప్రకారమే కోయాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 ఏప్రిల్ 5న ఉత్తర్వు ఇచ్చింది. ఏపీజీఎల్ఐ, పీఎఫ్, ఎల్ఐసీ రసీదులు పోగుచేసి జనవరిలో ఇచ్చినా, కొత్త విధానంలో వాటికి విలువ లేదు. ఎక్కువ కోత పడినవారు గడువులోగా రిటర్ను వేసి, అప్పుడు పాత విధానం ఎంచుకొని తిరిగి రాబట్టుకోవచ్చు.

మండల పరిషత్ బడులకు ఎంఈవో, జడ్పీ ఉన్నత పాఠశాలలకు ప్రధానోపాధ్యాయుడు డీడీవోలు. పన్ను తక్కువ కోస్తే నెలకు ఒక శాతం వడ్డీ, త్రైమాసిక నివేదిక ఆలస్యమైతే రోజుకు రూ.200 రుసుము 1961 చట్టం కింద వారి మెడకే చుట్టుకునేవి. పాన్ సంఖ్యలో ఒక్క అంకె తప్పినా కోసిన పన్ను ఉద్యోగి ఖాతాలో కనిపించదు. ఏప్రిల్ బిల్లుతోనే ఒక్కొక్కరి అంచనా పత్రం, విధానం ఎంపిక తీసుకొని, బకాయిలు మంజూరైన నెలలోనే లెక్క తిరగరాస్తే ఇరువర్గాలకూ ఫిబ్రవరి గండం తప్పుతుంది.