వల వదిలి పరుగెత్తేవాళ్లు

ఆదివారం సాయంత్రం ఎప్పుడైనా కళింగపట్నం బీచ్‌కి వెళ్లారా? వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. చూడ్డానికి ఎంత అందమో దిగడానికి అంత మోసం. నది తెచ్చిన ఇసుక దిబ్బలు చోటు మారుస్తూనే ఉంటాయి. మోకాలి లోతనుకుని రెండడుగులు వేస్తే మనిషి లోతు తగలొచ్చు. అలలు విరగకుండా నీళ్లు నిమ్మళంగా ఉన్నాయని మనం ముచ్చటపడి దిగే చోటు ఉంటుంది చూడండి, ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అదే.

కేక వినపడగానే వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులు లేస్తారు. యూనిఫాం లేదు, జీతం లేదు. నలుగురూ కలిసి ఫైబర్ బోటును అలల్లోకి తోస్తారు. ఇంజిన్‌లో ఆయిల్ వాళ్లదే, పోయిన వేటా వాళ్లదే. కోస్ట్‌గార్డ్‌కు 1554 నంబరు ఉంది. కానీ నౌక విశాఖ నుంచి రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. ఊపిరాడకపోతే మెదడు తట్టుకునేది నాలుగైదు నిమిషాలు!

బ్రిటన్‌లో ఇలాంటి పని కోసం 1824లోనే ఒక సంస్థ పుట్టింది. ఆర్‌ఎన్‌ఎల్‌ఐ అంటారు. ఇప్పటికీ దాని లైఫ్‌బోట్లు నడిపేవారిలో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు. తేడా ఏమిటంటే, వాళ్లకు బోటూ జాకెట్టూ శిక్షణా సంస్థే ఇస్తుంది.

మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు 2016లో ‘సరట్’ అనే కంప్యూటర్ సాధనం తెచ్చారు. సముద్రంలో తప్పిపోయిన మనిషో పడవో గాలికీ ప్రవాహానికీ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో లెక్కగట్టి, ఎక్కడ వెతకాలో చెబుతుంది. దానికి ముందుగా కావలసినవి రెండు సంగతులు: చివరిసారి ఎక్కడ కనిపించాడు, ఎప్పుడు? బోటు తోసే మనిషికీ అవే కావాలి. వెంట వచ్చిన స్నేహితులు ఏడుస్తూ ‘అక్కడే ఎక్కడో’ అంటే బోటు ఎటు తిప్పాలి?

అందుకే ఒకరు ఆ చోటు మీద నుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. ఇంకొకరు ఫోన్ చేయాలి. ఈత బాగా వచ్చినా వెంట దూకొద్దు. తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి.

మనిషి దక్కడని తెలిశాక కూడా వెతుకులాట ఆగదు. ఒడ్డున తల్లి కూర్చుని ఉంటుంది. అది ఎలాంటి కూర్చోవడమో వీళ్లకు తెలుసు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు ఈ జిల్లా మత్స్యకారుల పడవ ఒకటి తిరగబడింది. అందులో ఉన్న అందరూ ఇంటికి రాలేదు.

విపత్తుల్లో సాయపడే వాలంటీర్లను తయారుచేయడానికి కేంద్రం 2016లో ‘ఆపద మిత్ర’ పథకం మొదలుపెట్టింది. 2021లో దాన్ని లక్షమందికి విస్తరించింది. మంచిదే. తీరంలో మాత్రం ఆ జాబితా బోటున్న ఇంటి నుంచి మొదలవ్వాలి. ఒక లైఫ్‌జాకెట్, ఒక తాడు, ఆ రోజు కాలిన ఆయిల్ ఖర్చు. ఈ మూడూ ఇవ్వడానికి ఎంతవుతుందో అధికారులెవరైనా లెక్క వేశారా?