బట్టమేకపక్షి రక్షణ

దేశమున నిన్ని సమస్యలుండగా ఒక పక్షిని గూర్చి సంపాదకీయమేల యని కొందఱు పాఠకులు ప్రశ్నింపవచ్చును. కాని బట్టమేకపక్షి మన భరతఖండమున దక్క మఱెక్కడను పుట్టునది కాదు. నేడు మిగిలినవి నూటయేబదికి మించవని నిపుణుల యంచనా. వానిలో పెక్కులు రాజస్థానమునందలి జైసల్మేరు ప్రాంతమున నున్నవి. దీనినే జాతీయపక్షిగా గైకొనవలెనని పక్షిశాస్త్రవేత్త సలీం ఆలీ కోరియుండెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. నెమలిపై మాకు ఈర్ష్య లేదు.

ఈ జాతిలో మగదానికిని ఆడుదానికిని గల దేహభేదము మిక్కిలి పెద్దది. మగది 8 మొదలు 14 కిలోల వఱకు తూగును. ఆడుది ఇంచుమించు అందు సగమే. ఎఱుగనివాడు రెంటిని ప్రక్కప్రక్కన జూచినచో వేర్వేరు జాతులని భ్రమించును. ఇది నిష్కారణము గాదు. జతకట్టు కాలమున, అనగా ముఖ్యముగా వానలు పడు మాసములందు, మగది గడ్డినేలపై ఒక తావు నేర్పఱచుకొని, మెడక్రింది తిత్తిని గాలితో నింపి క్రిందికి వ్రేలాడవిడిచి, తోక నెత్తి, గంభీరముగా మ్రోయును. ఆ మ్రోత అరకిలోమీటరు దూరము వినబడునట. ఆడుది వచ్చి వరుని నెన్నుకొనును. అంతటితో మగదాని సంసారము ముగిసినది! గూడైనను లేని వట్టినేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టి, ఇంచుమించు నాలుగు వారములు పొదిగి, కుక్కల నుండియు నక్కల నుండియు పిల్లను కాచుకొను భారమంతయు ఆడుదానిదే.

కావున నూటయేబది యను లెక్క మాత్రమే చాలదు. పది మగవి యుండి ఆడువి మూడే యున్నచో ఆ యేట నిలువగల పిల్లలు మూడింటికి మించవు. ఆడువి ఎన్ని, గ్రుడ్డు పెట్టినవి ఎన్ని యను వివరము ప్రతి సంవత్సరము ప్రకటింపబడవలెను.

మన రోళ్లపాడు సంగతి చూడుడు. నంద్యాల జిల్లాలోని యీ గడ్డిబీడు 1988లో అభయారణ్యమైనది. ఆఱువందల హెక్టార్లకు కంచె వేసిరి. కాని పక్షి కంచె నెఱుగదు. మేతకై చుట్టుపట్ల మెట్టచేలకు దిగుచుండెను. కాలువనీరు వచ్చినది, పైరులు మాఱినవి, పక్షి తొలగిపోయినది. కొన్నేండ్లుగా అచ్చట కానరాదు. నీరు కోరిన రైతును మేము నిందింపజాలము. గడ్డినేలను బంజరని వ్రాసి, అది పనికిమాలిన భూమియని తలచు దస్తరములనే నిందింతుము.

ఇక దేహభారమువలన గల్గు చిక్కు. ఇంత బరువైన పక్షి ఎగురునపుడు చటుక్కున ప్రక్కకు మఱలలేదు. కన్నులు ఇరుప్రక్కల నుండుటచే ఎదుటనున్న విద్యుత్తీగ సరిగా గోచరింపదు. అందుచే తీగలకు తగిలి చచ్చుచున్నవి. తీగలను భూగర్భమున వేయవలెనని 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2024 మార్చిలో ఆ యాజ్ఞను సడలించి విషయమును నిపుణుల సంఘమున కప్పగించెను. సూర్యరశ్మి నుండి విద్యుత్తు దేశమునకు కావలసినదే. అయినను మగపక్షులు మ్రోయు తావులును ఆడువి పొదుగు తావులును ఎవరికిని తెలియనివి కావు. ముందుగా అచ్చటి తీగలనైన పాతిపెట్టుటకు వ్యయమును సాకుగా జెప్పుట మాకు సమ్మతము గాదు.

జైసల్మేరు పెంపకకేంద్రమున 2024 అక్టోబరులో కృత్రిమగర్భధారణముచే ఒక పిల్ల పుట్టినది. సంతోషమే. కాని అట్టి పిల్లలను ఒకనాడు విడువవలసిన నేల యేది? రోళ్లపాడు చుట్టునున్న రైతులతో ప్రభుత్వము ఇప్పుడే ఒడంబడిక చేసికొని, కొఱ్ఱయు జొన్నయు వేయువారికి నష్టపరిహారమిచ్చి, పొదుగు మాసములలో బీడుపై పశువులను తోలకుండుటకు బదులుగా మేత సమకూర్చవలెను. ఇందులకు క్రొత్త శాసన మక్కఱలేదు; వానలు పడకముందే జిల్లా యధికారులు గ్రామములకు పోయి రైతులతో కూర్చుండిన జాలును.