బోరునీటి పరీక్ష: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వాసులకు విజ్ఞప్తి



దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ కూడలి వరకు, ఇటు సరూర్‌నగర్, అటు నాగోలు ప్రాంతములందును, సొంత బోరుబావి లేని వీధి కానరాదు. చేదతో నీరు తోడుకొనిన కాలమున బావిలోనికి తొంగిచూచుట ఇల్లాలికి నిత్యకృత్యము. నాచు పట్టినను, కప్ప చచ్చిపడినను, నీటి రంగు మారినను ఆ పూటనే తెలిసిపోవుచుండెను. నేడు వందలాది అడుగుల లోతునుండి గొట్టములో వచ్చిన నీరు మిద్దెమీది ట్యాంకులో పడుచున్నది గాని, అది యెట్టిచోటినుండి వచ్చుచున్నదో చూచు కన్ను లేకపోయినది. ఆ పోయిన కంటికి బదులుగా నీటి పరీక్షను మన యిండ్లలో అలవాటు చేసికొందమని కోరుటకే యీ విజ్ఞప్తి.

మన కాలిక్రింద నున్నది కఠినమైన గ్రానైటు శిల. దానిపై శిథిలమైన పొరయందును, అడుగున నున్న పగుళ్ళయందును మాత్రమే నీరు నిలుచును. బోరు వేయువారు పైమట్టి కూలకుండ కేసింగు గొట్టమును దింపి, గట్టిరాయి తగిలినచోట నాపి, దిగువనంతయు ఉత్త రాతిరంధ్రముగనే విడిచిపెట్టుదురు. ఆ గొట్టము రాతిలో సరిగా కూర్చొనకున్నను, త్రుప్పుపట్టి చిల్లులు పడినను, దాని మూతి నేలమట్టముననే యుండి చుట్టును సిమెంటు గట్టు లేకున్నను, వీధిమురుగు తిన్నగా లోనికి దిగును. రాతిపగుళ్ళకు ప్రహరీగోడలు లేవు. పొరుగింటి సెప్టిక్ ట్యాంకు ఊట మన బోరును, మన యింటిది వారి బోరును చేరవచ్చును. 2020 అక్టోబరు నెల కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు నీట మునిగినప్పుడు, పల్లమున నున్న బోరుమూతులపై మురుగు నిలిచినది. వరద తీసిన పిమ్మట ఇండ్లు కడుగుకొంటిమి, పరుపు లెండబెట్టుకొంటిమి. బోరును శుద్ధి చేయించి నీటిని పరీక్షకు పంపినవారు మనలో నెందరు?

2004 నుండి నాగార్జునసాగరపు కృష్ణాజలము నగరమునకు వచ్చుచున్నది గదా, బోరునీరు వాడుకకే గదా యని కొంద రనవచ్చును. కాని అనేక గృహములలో నల్లానీరును బోరునీరును ఒక్క సంపులోనే కలియుచున్నవి. పసిబిడ్డ పాలసీసాయు, పచ్చికూరలును ఆ నీటితోనే కడుగుచున్నారు.

నీరు తేటగా నున్నది, తియ్యగా నున్నది అను సాక్ష్యము చాలదు. మన ఎల్.బి. నగర్ కూడలినుండి బయలుదేరు రహదారి పోవు నల్లగొండ జిల్లాలో, చూపునకు నిర్మలమైన భూగర్భజలమే ఫ్లోరైడు వలన తరతరముల యెముకలను వంచినది; ఆ నీటిని పటికతోను సున్నముతోను శుద్ధిచేయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టవలసివచ్చినది. బంగ్లాదేశమున చెరువునీటి రోగములనుండి తప్పించుకొనుటకై లక్షలాది గొట్టపుబావులు వేసికొనిన ప్రజలు, అందులో ఆర్సెనిక్ విషమున్నదని 1990ల దశకమున నెరిగి, పరీక్షించిన పిమ్మట చెడ్డ బావులకు ఎరుపు, మంచివానికి ఆకుపచ్చ రంగు పూసికొనిరి.

మన దేశ ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు లోబడి యుండవలెను. వేరు గతి లేనిచో 1.5 వరకు సహింపవచ్చును. నైట్రేటు 45 మిల్లీగ్రాములు మీరరాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ-కోలి క్రిమి యొక్కటియు కానరాకూడదు. మురుగుతో వచ్చు నైట్రేటు నెలల పసికందుల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. కాచిన నీటిలో క్రిములు చచ్చును గాని, నైట్రేటు, ఫ్లోరైడు పోవు. నీరు ఇగిరిన కొలది అవి చిక్కబడును. ఈ సంగతి తెలియక కాచిన నీటిని నమ్ముకొనిన తల్లులను తలచుకొనిన మనస్సు కలుక్కుమనును.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి ప్రయోగశాలలో నీటిని పరీక్షించుదురు. క్రిముల పరీక్షకు వారిచ్చు శుద్ధిచేసిన సీసానే వాడుడు. ఇంటిలోని పాత నీళ్ళసీసా పనికిరాదు. మోటారు కొంతసేపు నడిపిన పిమ్మట బోరుగొట్టము నుండి ఒకటి, వంటింటి కుళాయి నుండి మరియొకటి పట్టి, చల్లగా నుంచి ఆనాడే చేర్పుడు. మొదటిది మంచిదై రెండవది చెడినచో దోషము సంపులోనో ట్యాంకులోనో యున్నదని గ్రహింపవచ్చును.

కాలనీ సంక్షేమ సంఘముల పెద్దలారా, ఈ వానకాలము ముగియగనే వీధికి కొన్ని బోరులనైన నేరి నమూనాలు పంపుడు. ఫలితములను బీరువాలో దాచక సంఘ కార్యాలయపు నోటీసు బోర్డుపై అంటింపుడు. ఎవరి బోరునీటిలోనైనను దోషము కనబడినచో, ఆ యింటివారిని నిందింపక, ప్రక్కయింటి తలుపు తట్టి ఆ కబురు చెప్పి, వారి నీటిని గూడ పరీక్షకు పంపించుడు.