సంఘపు పైకము ఎవరిది?

"సర్కారు సొమ్మే గదా, ఎప్పుడిచ్చిన నేమి?" అను మాట మన గ్రామములలో తఱచుగా వినబడుచున్నది. లోకజ్ఞానము గల రైతులు సైతము ఇట్లే పలుకుచున్నారు. పరపతి సంఘము ఇచ్చు పైకము ఎక్కడ పుట్టి, ఏ త్రోవను వచ్చి, మరల ఎక్కడికి పోవుచున్నదో తెలియకపోవుటచేతనే ఈ భ్రమ ప్రబలినదని మా యభిప్రాయము.

గ్రామ సంఘమునకు పైన జిల్లా కేంద్ర సహకార బ్యాంకును, దానికి పైన రాష్ట్ర సహకార బ్యాంకును, ఆపైన నాబార్డును ఉన్నవి. నాబార్డు 1982 జూలై 12వ తేదీన ఏర్పడినది. అంతకు పూర్వము ఆ పని రిజర్వు బ్యాంకే చూచుకొనెడిది. ఈ మెట్ల వెంట క్రిందికి దిగివచ్చు పైకము ప్రతి మెట్టునను అప్పే గాని దానము కాదు. జిల్లా బ్యాంకు మనకిచ్చు దానిలో కొంత పైనుండి తెచ్చిన ఋణము. తక్కినది ఉద్యోగులు, పింఛనుదారులు, చిన్న వర్తకులు, మనవంటి రైతులు దాచుకొన్న డిపాజిట్లు. ప్రభుత్వమువారు సంఘములో వాటాధనము పెట్టియుండవచ్చును, వడ్డీలో కొంత భరించుచుండవచ్చును. అసలు మాత్రము ఒకరు దాచుకొన్నది, ఇంకొకరు వాడుకొనుచున్నది.

ఋణము మంజూరైన దినమున ఏమి జరుగునో చూతము. కార్యదర్శి ఇనుప పెట్టె తెఱచి నోట్ల కట్టలు లెక్కించుట లేదు. సభ్యుని పేర బ్యాంకు పుస్తకములో లక్ష రూపాయలు జమ వ్రాయబడును. అదే క్షణమున అంత మొత్తము అతని బాకీగాను వ్రాయబడును. అతడు ఎరువుల దుకాణమునకు బాకీ తీర్చగా, దుకాణదారుని ఖాతా వేఱొక బ్యాంకులో నున్నదనుకొందము. అప్పుడును నోట్లు బండినెక్కి పోవుట లేదు. రిజర్వు బ్యాంకువద్ద బ్యాంకులకు ఖాతాలున్నవి. నేరుగానో, రాష్ట్ర బ్యాంకు ద్వారానో, ఒక బ్యాంకు పద్దు తగ్గి ఇంకొక బ్యాంకు పద్దు పెరుగును. అంతటితో బాకీ తీరినది.

అట్లయిన బ్యాంకు వలసినంత జమ వ్రాసి యందఱికిని అప్పు లీయరాదా యని కొందఱు మమ్ము అడిగినారు. మంచి ప్రశ్న. జమ వ్రాయుట సులభమే. కాని ఆ జమ మఱియొక బ్యాంకునకు పోవునపుడు రిజర్వు బ్యాంకు పద్దులో నిజమైన నిలువ ఉండవలయును. అదిగాక, తీసికొన్న డిపాజిట్లలో కొంత భాగమును రిజర్వు బ్యాంకువద్ద కదల్పరాని నిలువగా నుంచవలయును. 2025 సంవత్సరాంతమునకు ఇది నూటికి 3 రూపాయలు. మఱి 18 రూపాయలు ప్రభుత్వ పత్రములు మొదలగు వానిలో నుంచవలెనని 2020 నుండి నియమము. ఈ రెండును పోగా మిగిలిన దానినుండియే అప్పు లీయవలెను. ఆ అప్పులు తిరిగి రాకున్నచో, దాచుకొన్నవారు వచ్చి యడిగిన దినమున బ్యాంకు చేతులెత్తివేయును. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలినపుడు ఎన్నో కుటుంబముల కూడబెట్టు మట్టిపాలైనది. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన పిమ్మటనే 1962 నుండి డిపాజిట్లకు భీమా ఏర్పడినది. 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలవరకు ఈ రక్షణ గలదు.

ఇక మన గ్రామములలోని యొక పాడు వాడుకను గూర్చి వ్రాయక తప్పదు. వాయిదా దగ్గఱకు వచ్చినపుడు రైతు వడ్డీ వ్యాపారివద్ద రెండు మూడు దినములకు చేబదులు తెచ్చి సంఘపు బాకీ తీర్చినట్లు వ్రాయించును. వెంటనే క్రొత్త ఋణము వ్రాయించుకొని ఆ పైకము వ్యాపారికిచ్చివేయును. దీనిని మనవారు "తిరగవ్రాత" యనుచున్నారు. పుస్తకములో వసూలు నూటికి నూఱు! పొలములో మాత్రము ఆ యేడాది ఎరువునకు పైస మిగులలేదు. పంట ఋణము లక్షకు నూటికి 7 వంతున వడ్డీ 7,000 రూపాయలు. గడువులోపల తీర్చినవారికి కేంద్ర ప్రభుత్వపు రాయితీ వలన 4,000 పడును. ఈ 3,000 కొఱకే గదా ఇంత తిప్పలు! చేబదులిచ్చిన వ్యాపారి ఆ రెండు దినములకు నూటికి 2 రూపాయలు పుచ్చుకొన్నచో 2,000 అతని యింటికి పోయినవి. రైతునకు మిగిలినది వేయి రూపాయలును, నిద్రలేని రెండు రాత్రులును.

1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి విచారణలో, సేద్యగాండ్ర అప్పులలో సహకార సంఘములిచ్చినది నూటికి 3 వంతులు మాత్రమే యని తేలినది. వ్యాపారి పీడ వదలించుటకై సంఘములు పెంచితిమి. ఇప్పుడు సంఘపు గుమ్మముననే ఆ వ్యాపారిని కూర్చుండబెట్టుచున్నాము. ఇందు రైతునే నిందించుట మాకు సమ్మతము కాదు. ధాన్యపు పైకము ఖాతాలో పడకముందే వాయిదా తేదీ వచ్చిన నతడేమి చేయును? వాయిదాను పంట యమ్మకముతో ముడిపెట్టుట పాలకవర్గములును, జిల్లా బ్యాంకులును చేయవలసిన పని. పంట నమ్మిపెట్టు సంఘమునకు ఇది సులభము. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన ముల్కనూరు సంఘము పరపతిని, పంట కొనుగోలును ఒక్కచోట నడుపుచు, సభ్యుల డిపాజిట్లను స్వీకరించుచు నేటికిని నిలిచియున్నది.

డిపాజిట్ల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. పంట యమ్మిన పైకమును మనము పట్టణపు బ్యాంకులో వేయుచున్నాము. ఆ బ్యాంకు దానిని తనకు లాభమైన చోట అప్పిచ్చును. అది దాని వ్యాపారము, తప్పుపట్టలేము. కాని మన యూరి పైకము ఊరు దాటిపోగా, మన సంఘము పైవారి యప్పు కొఱకు చేయి చాచి నిలుచుచున్నది. ఊట లేని చెరువు కాలువ నీటికే కాచుకొనియుండవలెను గదా. సభ్యులు తమ మిగులులో కొంతయైనను సంఘములో దాచినచో ఆ మేరకు పైయప్పు తగ్గును, పాలకవర్గమును గట్టిగా ప్రశ్నించు హక్కును కలుగును. అప్పు తీసికొన్నవాని నోటికంటె దాచుకొన్నవాని నోరు పెద్దది.

అయితే కన్నులు మూసికొని దాచుమని మేము చెప్పము. గ్రామ పరపతి సంఘము చట్టరీత్యా బ్యాంకు కాదు. పైన చెప్పిన 5 లక్షల భీమా జిల్లా బ్యాంకులోని డిపాజిట్లకు వర్తించును గాని గ్రామ సంఘములోని వానికి వర్తింపదు. ఈ భేదమును సంఘపు గోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించవలెను. దాచిపెట్టి డిపాజిట్లు సేకరించుట మోసము. లెక్కల తనిఖీ సకాలమున జరిగి, ఆస్తి అప్పుల పట్టీ సభ్యులకు చూపబడు సంఘములోనే పైకము వేయవలెను. రాబోవు మహాజన సభలో సభ్యులు మూడు అంకెలు అడుగుదురు గాక: సభ్యుల డిపాజిట్లెంత, గడువు మీఱిన బాకీ యెంత, ఈ యేడు వసూలైనదానిలో తిరగవ్రాత యెంత? మూడవదానికి జవాబు చెప్పుటకు కార్యదర్శి తడబడవచ్చును. చెప్పువఱకు సభ్యులు లేవకుందురు గాక.