శాంతికి కావలసిన మూడు బలాలు

రాత్రి షిఫ్టు ముగించుకొని హైటెక్ సిటీ నుంచి బయలుదేరిన కూతురు ఇల్లు చేరేంతవరకు తల్లికి కునుకు పట్టదు. ఆమెకు శాంతి అంటే బిడ్డ తలుపు తట్టిన చప్పుడే. దేశాల నడుమ శాంతిని కాపాడే సంస్థలకూ, మన వీధిని కాపాడే వ్యవస్థలకూ పరిమాణంలో ఎంతో భేదమున్నది. అయినా వాటి జయాపజయాలను నిర్ణయించే సూత్రం ఒక్కటే.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1920లో నానాజాతి సమితి ఏర్పడింది. ఆశయం ఉన్నతమైనదే. అయితే అమెరికా అందులో చేరనే లేదు. ముఖ్య నిర్ణయాలకు ఏకాభిప్రాయం తప్పనిసరి. సొంత సేన లేదు. 1931లో జపాన్ మంచూరియాపై, 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తినప్పుడు ఖండనలూ, అరకొర ఆంక్షలూ తప్ప మరేమీ చేయలేకపోయింది.

1945లో ఆవిర్భవించిన ఐక్యరాజ్య సమితి ఈ లోపాలను కొంత సరిదిద్దింది. వీటో అధికారమనే మూల్యం చెల్లించి అగ్రరాజ్యాలను తనలో నిలుపుకొన్నది. సభ్యదేశాలు పంపే సైనికులతో శాంతి దళాలను నడిపింది. కాని దళం ఉన్నంత మాత్రాన చాలదని 1994లో రువాండా నిరూపించింది. అక్కడి దళానికి తగిన సంఖ్యా లేదు, ప్రజలను కాపాడే స్పష్టమైన అధికారమూ లేదు. మారణకాండ సాగుతుండగానే దానిని ఇంకా కుదించారు.

లైబీరియాలో కథ మారింది. 2003లో పోరాడుతున్న పక్షాలే ఒప్పందానికి వచ్చాయి. పదిహేను వేల మంది సైనికులకు అనుమతి లభించింది. ఆయుధాల సేకరణ జరిగింది. సమితి 2018 వరకు అక్కడే నిలిచింది. 2007లో మన కేంద్ర రిజర్వు పోలీసు దళం నుంచి వెళ్లిన మహిళా బృందం మన్రోవియా వీధుల్లో గస్తీ తిరిగింది. తొమ్మిదేళ్లలో ఆ దేశ భద్రతా రంగంలో స్త్రీల వాటా 6 నుంచి 17 శాతానికి పెరిగిందనీ, అందులో ఈ బృందం ఆదర్శానికీ పాత్ర ఉన్నదనీ నాటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ 2016లో కొనియాడారు.

బలం, స్పష్టమైన బాధ్యత, కాపాడబడేవారి నమ్మకం: ఈ మూడూ కలిసినచోటే శాంతి నిలుస్తుంది.

మన సైబరాబాద్‌లో 2006లో పోలీసులు, ఐటీ పరిశ్రమ కలిసి భద్రతా మండలిని ఏర్పాటు చేసుకొన్నారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీములు తరువాత ఇక్కడికీ విస్తరించాయి. సాధారణ దుస్తుల్లో తిరుగుతాయి, ఫిర్యాదుదారు పేరును గోప్యంగా ఉంచుతాయి. బలమున్నది, బాధ్యత ఉన్నది. ఇక మిగిలినది నమ్మకం.

అది మొదట ఇంట్లో పుట్టాలి. వేధింపు సంగతి చెబితే ఉద్యోగం మానిపిస్తారన్న భయంతో ఎందరు ఆడపిల్లలు పెదవి బిగబట్టుకొంటున్నారో ఆలోచించండి. నోరు విప్పిన బిడ్డను శిక్షించే ఇంటికి ఏ వ్యవస్థా రక్షణ ఇవ్వలేదు. ఈ రాత్రి తలుపు తీసినప్పుడు, “ఎందుకు ఆలస్యమైంది?” అని గద్దించే ముందు, “దారిలో ఏ ఇబ్బందీ కలగలేదు కదా తల్లీ?” అని అడుగుదాం. ఆమె జవాబును ఓపికగా విందాం.