గణితము చెప్పు వనజోస్యము

ఏ చెట్టు ఎచ్చట బ్రదుకును, ఎచ్చట నశించును అను ప్రశ్నకు పూర్వము అడవి నెరిగిన వృద్ధులు సమాధానము చెప్పుచుండిరి. నేడు గణాంకశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒక జాతి కనబడిన తావులను పటముపై గుర్తించి, ఆయా తావుల వర్షపాతము, ఉష్ణోగ్రత, నేలల లెక్కలను జతపరచి, ఆ సంబంధమును సూత్రబద్ధ మొనర్చి, వాతావరణము మారినచో ఆ జాతికి అనుకూలమగు నేల యేదియో అంచనా కట్టుటయే ఈ పద్ధతి. 2004లో 'నేచర్' పత్రికయందు ప్రకటితమైన యొక పరిశోధన 1,103 జాతులను పరిశీలించి, తాపవృద్ధి మధ్యస్థముగా నున్నను 2050 నాటికి వానిలో నూటికి 15 మొదలు 37 వరకు వినాశపథమున బడునని లెక్కించినది. 2006లో వెలువడిన 'మాక్సెంట్' విధానముతో ఇట్టి గణన మరింత వ్యాపించినది.

ఇది మనకు సంబంధింపని విషయము కాదు. రక్తచందనము శేషాచలము, వెలిగొండ, లంకమల మొదలగు మన కొండలయందు సహజముగా పెరుగు వృక్షము. దాని అంతర్జాతీయ వ్యాపారము 1995 నుండి నిబంధనలకు లోబడియున్నది. అట్టి వృక్షమును గూర్చి పటములు గీయుట మంచిదే. కాని పటము చెప్పునది ఎంత, చెప్పనిది ఎంత అని విచారింపవలెను.

లెక్కకు మూలము చెట్టు కనబడిన తావుల పట్టిక. మనుష్యులు నడచిన బాటల ప్రక్కనున్న చెట్టు పట్టిక కెక్కును. ఎవరును పోని లోయలోని చెట్టు ఎక్కదు. చెట్టు లేనిచోట శీతోష్ణము ప్రతికూలమని సూత్రము తలచును. అచ్చట దొంగల గొడ్డలి పడినదని దానికి తెలియదు. ఇంతవరకు ఎన్నడును లేని యెండలకు పాతలెక్కను సాగదీయుట మరియు సందేహాస్పదము.

ఈ లోపముల ఫలమనుభవించువాడు రైతు. పటమును నమ్మి నీరు నిలుచు నేలలో రక్తచందనము నాటినవానికి తన పొరపాటు తెలియుటకు ఏండ్లు పట్టును. చేవ తేలుటకు దశాబ్దములే పట్టును. అప్పటికి సూత్రకర్తను అడుగుట యెట్లు?

అట్లని మేము గణితమును నిరసించుటలేదు. 1924లో ఫిషరు పండితుడు ఇంగ్లండునందలి రోథంస్టెడ్ క్షేత్రమున వర్షమునకును గోధుమ దిగుబడికిని గల సంబంధమును నిర్ణయించెను. అచ్చట 1843 నుండి సాగుచున్న పరిశోధనలలో అరువదేండ్లకు మించిన దిగుబడి లెక్కలు ఆయనకు లభించినవి. సూత్రమునకు బలము దినచర్య పుస్తకమే! మేధకు మనకు కొరత లేదు. మహలనోబిస్ 1931లో కలకత్తాయందు గణాంకసంస్థను స్థాపించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సి. ఆర్. రావు అచ్చట చేరి జగద్విఖ్యాతు డయ్యెను. మనకు కావలసినది ఓపికతో వ్రాసిన లెక్క.

కావున ప్రభుత్వమువారు అడవులయందు శాశ్వత పరిశీలనా క్షేత్రముల నేర్పరచి, మొలకెత్తినవానిని, ఎండినవానిని, నరకబడినవానిని ఏటేట వేరువేరుగ నమోదు చేయింపవలెను. ఆ లెక్కలు తెలుగున ప్రజలకు అందవలెను. ప్రతి పటముపైనను, ఇందు ఇంత సందేహము కలదని స్పష్టముగ వ్రాయవలెను. కొండ యెక్కి చూచినవాని సాక్ష్యము లేని జోస్యము ఎంతటి యంత్రమునుండి వచ్చినను జోస్యమే.