పాత లాంబ్రెట్టాకు కావలసింది కొలత

ఇటలీ చిన్న బండి కొనుగోలు, విడిభాగాల తీరు మారాలని కోరే కరపత్రం

లాంబ్రెట్టా మిలాన్‌లో పుట్టిన రెండు చక్రాల బండి. ఉక్కు గొట్టాల తయారీదారు ఫెర్దినాందో ఇన్నొచెంతి, యుద్ధంలో బాంబులకు దెబ్బతిన్న తన ఫ్యాక్టరీ నుంచి 1947లో మొదటి బండిని బయటికి తెచ్చాడు. ఫ్యాక్టరీ ఉన్న పేట లాంబ్రాతే, అక్కడి ఏరు లాంబ్రో. బండికి ఆ పేరే స్థిరపడింది. 1971లో ఇటలీలో తయారీ ఆగింది. ఆ యంత్రాలనూ అచ్చులనూ భారత ప్రభుత్వం కొన్నది. 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది, 1975లో ఉత్పత్తి మొదలైంది. దేశంలో అమ్మిన బండికి విజయ్ అని, బయటి దేశాలకు పంపిన బండికి లాంబ్రెట్టా అని పేరు. హైదరాబాదు ఆల్విన్ పుష్పక్ కూడా లక్నో భాగాలతో తయారైనదే. అంతకు ముందు, 1950ల నుంచే, బొంబాయిలో ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా, అంటే ఏపీఐ, లాంబ్రెట్టాలు చేసింది. పేరు మీద హక్కు లక్నోకు పోయాక ఆ బండే ‘లాంబీ’ అయింది.

లక్నోలో స్కూటర్ల తయారీ 1990ల చివర్లో ఆగింది. సంస్థనే మూసెయ్యాలని 2021లో కేంద్రం నిర్ణయించింది. అదే ఏడాది జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు చోటు దొరికింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు ఆ కోవలోకి వస్తాయి. లక్నో గేటు దాటిన తొలి బండ్లకు ఇప్పుడే ఆ వయసు నిండింది. బండికి చారిత్రక గుర్తింపు దక్కే వేళకు దాన్ని తయారుచేసిన చెయ్యి లేకుండా పోయింది. విడిభాగాల బజారు మాత్రం ఊహల మీద, నమ్మకాల మీద నడుస్తోంది. ఈ కరపత్రం కోరేది ఒక్కటే: ప్రతి విడిభాగానికీ పార్ట్ నంబరు, కొలత, పదార్థం బహిరంగంగా తెలియాలి. అమ్మకమూ కొనుగోలూ వాటి మీదే జరగాలి.

ఒకే ఇంజిను, వేర్వేరు ఒళ్లు

1958లో వచ్చిన ఎల్ఐ వరస నుంచి చివరి జీపీ దాకా ఇంజిను కట్టుబడి ఒకటే. సిలిండరు ఒకటి, అడ్డంగా పడుకుని ఉంటుంది. టూ స్ట్రోకు. మాగ్నెట్ మీద బిగించిన ఫ్యాను దాన్ని చల్లబరుస్తుంది. క్రాంకు నుంచి క్లచ్చికి డబుల్ చెయిను, వెనక నాలుగు గేర్లు. 150 బండి బోరు 57 మిల్లీమీటర్లు, స్ట్రోకు 58. ఎల్ఐ వంశంలో 125కి బోరు 52, 175కి 62, 200కి 66 అయినా స్ట్రోకు మాత్రం 58 దాటలేదు. అందుకే ఒక బండి ఇంజిను ఇంకో బండిలో తేలిగ్గా కూర్చుంటుంది. ఈ సౌలభ్యమే తికమకలకు పుట్టిల్లు.

ఒళ్లు మాత్రం వేరు. మొదటి రెండు సిరీస్‌ల బండి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. ఏపీఐ చాలా ఏళ్లపాటు చేసింది రెండో సిరీస్ ఒంటినే. 1960ల మొదట్లో వచ్చిన మూడో సిరీస్ సన్నబడింది. 1969 నాటి జీపీకి బెర్తోనే సంస్థ రూపు దిద్దింది. లక్నోకు చేరింది ఈ వంశమే. రెండో సిరీస్ పక్క డొప్పలు మూడో సిరీస్‌కు పట్టవు, లెగ్ షీల్డూ అంతే. ఎల్ఐకి ముందరి ఎల్‌డీ అయితే పూర్తిగా వేరే బండి: చెయినుకు బదులు షాఫ్టు, 10 అంగుళాలకు బదులు 8 అంగుళాల చక్రాలు. కాబట్టి ‘లాంబ్రెట్టా సామాను’ అన్న మాటతో ఏ భాగమూ తేలదు.

కొనే ముందు చూడవలసినవి

మొదట కాగితాలు. ఆర్‌సీలోని ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద గుద్దిన అంకెలతో అక్షరం తప్పకుండా కలవాలి. ఇటలీలో తయారైన బండికి ఈ రెండు నంబర్లూ సాధారణంగా ఒకటి కావు. రెండూ ఒకేలా, కొత్త అచ్చుతో మెరుస్తుంటే ఎవరో తర్వాత గుద్దించారని అనుమానించాలి.

తర్వాత ఫ్రేము. లాంబ్రెట్టా భారమంతా లావైన ఒకే ఉక్కు గొట్టం మీద ఉంటుంది. పైన మెరిసే రంగు, కింద పుట్టీ, దాని కింద తుప్పు లేదా అతుకు దాగి ఉండవచ్చు. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే చాలు. పుట్టీ మందంగా ఉన్నచోట అది రేకుకు అంటుకోదు. ఫుట్‌బోర్డు రేకులు విప్పి గొట్టాన్ని కింది నుంచి చూడాలి. బండి వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో కనిపించాలి. మన దేశంలో పైపైన మెరుగుపెట్టి యూరపుకూ అమెరికాకూ పంపిన స్కూటర్లలో బయటపడిన లోపాలు ఎక్కువగా ఇలాంటివే. వాటి వల్ల ‘ఇండియా రిపేరు’ అన్న మాటకే అక్కడ చెడ్డపేరు వచ్చింది.

చివరికి ఇంజిను. కిక్కు కొడుతుంటే కాలికి ఎదురు తగలాలి. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు జారి బయటపడితే గేర్‌బాక్సులోని డాగ్ అరిగినట్టు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే చెయిను వైపు ఆయిల్ సీలు గేర్ ఆయిల్‌ను ఇంజినులోకి వదులుతున్నట్టు అనుకోవాలి.

మూడు చిన్న భాగాలు, మూడు పెద్ద నష్టాలు

మాగ్నెట్ కూర్చునే క్రాంకు కొసను కోను అంటారు. ఎల్ఐ బండ్లకు అది సన్నం, జీపీ వంశానికి లావు. పైకి రెండు మాగ్నెట్లూ ఒకేలా కనిపిస్తాయి. లావు కోను మీద సన్న కోను మాగ్నెట్ అసలు ఎక్కదు. సన్న కోను మీద లావు కోను మాగ్నెట్ ఎక్కినా గట్టిగా పట్టదు. నట్టు ఎంత బిగించినా కదులుతూనే ఉంటుంది. చివరికి కీ తెగుతుంది, టైమింగు తప్పుతుంది, క్రాంకు కొస పాడవుతుంది. కౌంటరు మీద ఒక వెర్నియరు ఉంటే అర నిమిషంలో తేలే సంగతి ఇది.

రెండోది పిస్టను. 57 బోరు అరిగితే కోయించి 57.2, 57.4 అంటూ 0.2 చొప్పున పెంచుకుంటూ పోయేది ఇటలీ పద్ధతి. పెట్టె మీద ‘ఓవర్‌సైజ్’ అన్న ముద్ర ఒక్కటే ఉండి అంకె లేకపోతే, లేత్ మేస్త్రీ ఏ కొలతకు కోయాలి? బోరు ముందే కోసి తర్వాత పిస్టను వెతికితే, దొరకని సైజు కోసం మంచి సిలిండరు చేజారుతుంది. పిస్టను చేతికి వచ్చాకే కోయించాలన్న పాత మేస్త్రీల నియమం ఇందుకే పుట్టింది.

మూడోది మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు. బండి మొత్తంలో చవకైన భాగాల్లో ఇదొకటి. అది గట్టిపడి గాలి పీలిస్తే మిశ్రమంలో పెట్రోలూ, దానితోపాటు ఆయిలూ తగ్గుతాయి. పిస్టను వేడెక్కి బోరులో బిగుసుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతం దాకా పెరిగింది. 1970ల రబ్బరును ఆ ఇంధనం కోసం చేయలేదు. పాత గోదాములో ముద్ర చెదరకుండా దొరికిన ‘కంపెనీ మాల్’ సీలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, తగిన పదార్థంతో ఈ మధ్య చేసిన సీలే నమ్మదగినది. ఆ పదార్థం ఏమిటో ప్యాకెట్టు చెప్పకపోవడమే చిక్కు.

ఎక్కడ దొరుకుతాయి

హైదరాబాదులో పుత్లీబౌలి, సికింద్రాబాదులో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్, చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో కరోల్ బాగ్ వంటి బజార్లు మొదటి మజిలీ. కేబుళ్లు, బేరింగులు, చెయిను, బ్రేకు షూలు, 10 అంగుళాల టైర్లు సులువుగానే దొరుకుతాయి. బేరింగుకు నంబరుంటుంది, టైరుకు సైజుంటుంది. వాటి దగ్గర మోసం తక్కువ. నంబరు లేని చోటే చిక్కంతా: డొప్పలు, హెడ్‌లైటు రింగు, స్విచ్చి, మీటరు, కార్బొరేటరు లోపలి భాగాలు.

ఇటలీ బండికి డెల్ ఓర్తో కార్బొరేటరు, మన బండ్లు చాలావాటికి జెటెక్స్. చూపుకు అవి అన్నదమ్ములే అయినా జెట్టు మార్చేటప్పుడు పాత జెట్టు మీది అంకె చూడకుండా కొత్తది కొనకూడదు. యూరపులో కొత్తగా చేసిన భాగాలు పోస్టులో తెప్పించుకోవచ్చు. అయితే కస్టమ్స్ సుంకం, రవాణా కలిస్తే చిన్న భాగం ఖరీదు ఎన్నో రెట్లవుతుంది. ఒకరొకరు విడివిడిగా తెప్పించుకుంటే పడే నష్టం అది.

ఇతర దేశాల ఏర్పాటు

ఇటలీలో 1966లో ఏర్పడిన చారిత్రక వాహనాల సమాఖ్య ఏఎస్ఐ, 20 ఏళ్లు దాటిన బండ్లను పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. ఇమోలా రేసు ట్రాకు మీద ఏటా జరిగే పాత సామాను సంతలో పిస్టను రింగు నుంచి పూర్తి బండి దాకా దొరుకుతాయి. మిలాన్ దగ్గర రొదానోలో లాంబ్రెట్టాలకు మ్యూజియమే ఉంది. బ్రిటన్‌లోని లాంబ్రెట్టా క్లబ్బు ఫ్రేము నంబరును బట్టి బండి పుట్టిన సంవత్సరాన్ని ధ్రువీకరిస్తుంది. ఈ అన్నింటికీ పునాది పార్ట్స్ బుక్కు: ప్రతి భాగానికీ బొమ్మ, నంబరు. చివరి దశలో ప్రపంచానికి ఈ బండిని అందించిన దేశంలోనే అలాంటి ఏర్పాటు లేదు.

జరగవలసినవి

1. లక్నో సంస్థకు చెందిన డ్రాయింగులు, గేజీలు, పార్ట్స్ బుక్కులు ఎక్కడున్నా అవి తుక్కు వేలంలో కలవకూడదు. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ వాటిని మ్యూజియానికో సాంకేతిక విద్యాసంస్థకో అప్పగించి, నకళ్లు ఎవరైనా తీసుకునే వీలు కల్పించాలి.

2. కొత్తగా విడిభాగం చేసే ప్రతి చిన్న పరిశ్రమా ప్యాకెట్టు మీద నాలుగు సంగతులు ముద్రించాలి: అసలు పార్ట్ నంబరు, సరిపోయే బండి వరస, కొలత, పదార్థం. సీళ్లకు తయారైన నెల, సంవత్సరం కూడా ఉండాలి.

3. పాలిటెక్నిక్‌లూ ఐటీఐలూ కొలతల ప్రాక్టికల్స్‌లో పాత బండి భాగాలను చేర్చాలి. ఒక బ్యాచి విద్యార్థులు ఒక గేర్‌బాక్సు కొలిచి డ్రాయింగు గీస్తే ఆ పని పదిమందికీ పనికొస్తుంది. వయసు పైబడిన మేస్త్రీలను అక్కడికి పిలిచి, రోజు కూలీ ఇచ్చి, వారికి తెలిసింది రాయించాలి.

4. యజమానుల సంఘాలు మూడు నెలలకోసారి అవసరాల జాబితా వేసి ఉమ్మడిగా ఆర్డరు పెట్టాలి. వంద సీళ్లు ఒకేసారి అడిగితే తయారీదారు సరైన పదార్థంతో చేస్తాడు, దిగుమతి ఖర్చూ పంచుకోవచ్చు.

5. 2021 నిబంధనల కింద నడిచే వాహన తుక్కు కేంద్రాలు 50 ఏళ్లకు చేరువైన ద్విచక్ర వాహనాలను నలగ్గొట్టే ముందు ఇంజిను, డొప్పలు, ఫోర్కు విప్పి, వరస పేరుతో విడిగా అమ్మాలి.

6. వింటేజ్ నిబంధన బండి అసలు రూపంలో ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజినులో మార్పులు ఉండకూడదనీ చెబుతుంది. అసలు కొలతకు, అసలు ఆకారానికి చేసిన కొత్త భాగం మార్పు కిందికి రాదని రవాణా శాఖలు స్పష్టంగా రాసి ఇవ్వాలి. 20 శాతం ఇథనాల్‌కు తట్టుకునే సీలు వేసిన యజమాని ఆర్‌టీఓ ముందు సంజాయిషీ చెప్పుకునే అవసరం ఉండకూడదు.

రెండు అభ్యంతరాలు

పాత టూ స్ట్రోకు బండి పొగ వదులుతుంది, దాన్ని బతికించడం దేనికన్నది మొదటి అభ్యంతరం. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ తిరుగుళ్లకూ వ్యాపారానికీ వాడకూడదని నిబంధనే చెబుతోంది. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, మరమ్మతుకు మాత్రమే అది రోడ్డెక్కుతుంది. పైగా సరైన సీలు, సరైన జెట్టు ఉన్న బండి తక్కువ పొగ వదులుతుంది.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అన్నది రెండోది. కొత్త వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. అయితే కొలతలు దాగి ఉన్న బజారులో ఎక్కువ నష్టపోయేది చిన్న షెడ్డు మేస్త్రీ. తప్పు భాగం బిగించి విప్పిన కూలీ అతనికి ఎవరూ ఇవ్వరు, చెడిన క్రాంకు నింద మాత్రం అతని మీదే పడుతుంది. కొలత బయటపెట్టడం ముందుగా అతనికి రక్షణ.

ఆరింటిలో కొన్నిటికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, కొన్నిటికి నెలల సమయం పడుతుంది. వాటి కోసం ఆగకుండా ఏ దుకాణంలోనైనా ఇవాళే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది: బిల్లు మీద ‘లాంబ్రెట్టా మాగ్నెట్-1’ అని రాసే చోట ‘మాగ్నెట్, జీపీ, లావు కోను-1’ అని రాయడం.